డి4 ఆటల్లో ఎత్తుల వరుస: జి1 గుర్రాన్ని ఎప్పుడు కదపాలి?

అమలాపురం నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న సంగ్రహంగా ఇది. ఆయన నాలుగేళ్ళుగా తెల్లపావులతో డి4, ఆ తరువాత బిషప్ ఎఫ్4 అంటూ లండన్ పద్ధతే ఆడుతున్నారు. జిల్లా పోటీల్లో ఎదుటివాళ్ళు దానికి సిద్ధపడి వస్తున్నారు కాబట్టి ఇకమీదట రెండో ఎత్తులో సి4 ఆడదామని నిర్ణయించుకున్నారు. అయితే సి3లోని గుర్రాన్ని నల్ల బిషప్ బి4 నుంచి కొట్టే నిమ్జో-ఇండియన్ రక్షణలో సి వరుసలో బంట్లు ఒకదాని వెనక ఒకటి పడిపోతాయని ఆయనకు భయం. అందుకని మూడో ఎత్తులో మంత్రి వైపు గుర్రాన్ని సి3కి తేకుండా, ఎప్పుడూ రాజు వైపు గుర్రాన్నే ఎఫ్3కి తెస్తే సరిపోతుందా అని అడిగారు. దానితోపాటు ఈమధ్య ఆడిన ఒక ఆట పంపి, అందులో మార్పిడి పద్ధతి (సి4 బంటును నల్ల డి5 బంటుతో మార్చుకోవడం) ఆడినా తనకు ఏ ఆధిక్యమూ ఎందుకు రాలేదో చెప్పమన్నారు.

పాలకొల్లులో చాలా ఏళ్ళుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆ జవాబు జి1 గడిలో నిలబడి ఉన్న గుర్రం, అంటే తెలుపు రాజు వైపు గుర్రం దగ్గర ఉంది. శకటమని పుస్తకాల్లో ఉన్నా మన పోటీల హాళ్ళలో అందరూ బిషప్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. తక్కినవి మనకు అలవాటైన గుర్రం, ఏనుగు, మంత్రి, బంటు. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది; పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు; తెలుపు, నలుపు ఎత్తులు వంతులవారీగా వస్తాయి.

ఇ4 ఆటల్లో పావులు త్వరగా ఎదురుపడతాయి కాబట్టి ఎత్తుల వరుస తప్పితే శిక్ష వెంటనే పడుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో పిల్లవాడికి కూడా తెలుస్తుంది. డి4 ఆటల్లో అలా కాదు. నాలుగో ఎత్తులో చేసిన తొందరపాటుకు పదిహేనో ఎత్తులో మూల్యం చెల్లిస్తాము, అప్పటికి కారణం మరిచిపోయి ఉంటాము. మన కాలువల లాకుల్లో పడవను దాటించే పని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. తలుపులు రెండే, వాటిని తెరవడమూ మూయడమూ తప్ప వేరే పని లేదు, అయినా ఏది ముందు మూయాలో ఏది తరువాత తెరవాలో తప్పితే పడవ కదలదు. డి4, సి4, రెండు గుర్రాలు, ఒక బిషప్, ఇ3 అనే ఆరు ఎత్తులు ఏ వరుసలో ఆడినా చివరికి ఒకే స్థితి వస్తుందని పిల్లలు అనుకుంటారు. ఎదుటివాడు మనకు సహకరిస్తే మాత్రమే అది నిజం.

జి1 గుర్రానికి కూర్చోదగిన చోట్లు రెండు, ఎఫ్3, ఇ2. ఎఫ్3 సహజమైన గడి, డి4నూ ఇ5నూ కాపలా కాస్తుంది, రాజును త్వరగా కోటలోకి పంపనిస్తుంది. కానీ అక్కడ కూర్చోగానే ఎఫ్2లోని బంటు దారి మూసుకుపోతుంది, డి1 మంత్రి ఐమూలగా హెచ్5 వరకు చూసే చూపు ఆగిపోతుంది, నల్ల బిషప్ జి4కి వచ్చి ఆ గుర్రాన్ని కట్టిపడేసే (కదిలితే వెనక ఉన్న మంత్రి పోయేలా చేసే) అవకాశం పుడుతుంది. ఇ2లో కూర్చుంటే మంత్రి చూపు అక్కడా ఆగుతుంది కానీ, ఎఫ్ బంటు దారి తెరిచే ఉంటుంది, నల్ల బిషప్ జి4కి వస్తే ఆ బంటుతోనే తరమవచ్చు. పైగా సి3లోని గుర్రానికి వెన్నుదన్నుగా ఉంటుంది. అయితే ఎఫ్1 బిషప్ ముందుగా డి3కి బయటపడి ఉండకపోతే దాని దారికి అడ్డం వస్తుంది. మీరు ఎఫ్3 ఎత్తును మూడో ఎత్తులోనే ఆడేస్తే ఇన్ని విషయాల మీద ఒకేసారి నిర్ణయం తీసేసుకున్నట్టే. ఆ నిర్ణయం తప్పని నేను అనడం లేదు, అది ఎంత పెద్దదో తెలిసి తీసుకోమంటున్నాను.

మీకు బాగా తెలిసిన లండన్ పద్ధతిలోనే దీన్ని చూడవచ్చు. డి4, డి5, గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6, బిషప్ ఎఫ్4, ఇ6, ఇ3 అని ఆడితే నలుపు వెంటనే గుర్రాన్ని హెచ్5కి తెచ్చి మీ బిషప్ మీద పడవచ్చు. అదే రెండో ఎత్తులో బిషప్‌ను ఎఫ్4కి తెచ్చి, మూడో ఎత్తులో ఇ3 ఆడి, రాజు వైపు గుర్రాన్ని జి1లోనే ఉంచితే, నల్ల గుర్రం హెచ్5కి వచ్చిన మరుక్షణం మీ మంత్రి డి1 నుంచి నేరుగా వెళ్ళి దాన్ని ఊరికే పట్టేస్తుంది. రెండు వరుసల్లోనూ మీరు ఆడే ఎత్తులు అవే, మారింది గుర్రం కదిలిన సమయం ఒక్కటే. లండన్ ఆడేవారిలో చాలామంది ఇప్పుడు రెండో ఎత్తులోనే బిషప్‌ను బయటికి తేవడానికి ఇలాంటి సూక్ష్మాలే కారణం.

ఇక మీరు ప్రతిపాదించిన వరుసకు వస్తాను. డి4, గుర్రం ఎఫ్6, సి4, ఇ6, ఇక్కడ గుర్రం ఎఫ్3. నిమ్జో-ఇండియన్ తప్పిపోయిన మాట నిజం. సి3లో గుర్రమే లేదు కాబట్టి దాన్ని కట్టిపడేయడానికి నల్ల బిషప్‌కు పని లేదు. బి6 ఆడితే క్వీన్స్ ఇండియన్, బిషప్ బి4కి వచ్చి చెక్ చెబితే బోగో-ఇండియన్, ఈ రెండింటినీ ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకోగలరు. అసలు చిక్కు సి5 దగ్గర ఉంది. అది నాకు కాకినాడలో ఒక పోటీలో అనుభవంలోకి వచ్చింది.

అప్పట్లో నేను మోడరన్ బెనోనీ రక్షణ (నలుపు సి5 తోసి, ఇ6 బంటును డి5లో మార్చుకునే పద్ధతి) మీద శ్రద్ధగా తయారై ఉన్నాను. ఇ4 తరువాత ఎఫ్4 తోసి, నల్ల బిషప్ జి7కి రాగానే నా బిషప్‌ను బి5కి తెచ్చి చెక్ చెప్పడం తెలుపుకు చాలా బలమైన పద్ధతి. తైమనోవ్ దాడి అని దానికి పేరు. దానికోసం రాత్రిళ్ళు కూర్చుని చదివాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న ఆటగాడు రెండో ఎత్తులో ఇ6 ఆడాడు. నిమ్జో ఇష్టం లేక, మీలాగే, గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాను. ఆయన వెంటనే సి5 తోశాడు. నేను డి5, మార్పిడి అయ్యాక ఆయన డి6, నా రెండో గుర్రం సి3, ఆయన జి6. ఇ4 తోశాను, ఆయన బిషప్ జి7కి వచ్చింది. చదివినదంతా జ్ఞాపకం చేసుకుని ఎఫ్ బంటు కోసం చెయ్యి చాచి, అది ఎఫ్2లో, దాని ముందు గడిలో నా గుర్రమే కూర్చుని ఉండటం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆడటానికి ఆ బంటుకు ఎత్తే లేదు. ఆ తరువాత అరగంటసేపు ఏం చేయాలో తోచక గుర్రాన్ని డి2కి వెనక్కి తీసుకుని, కాలం పోగొట్టుకుని, ఆట కూడా పోగొట్టుకున్నాను.

తరువాత తెలిసింది, అది ఆయన ఆలోచించి ఎంచుకున్న వరుస. బెనోనీ ఇష్టపడే చాలామంది రెండో ఎత్తులో సి5 ఆడరు, ఇ6 ఆడి ఆగుతారు. తెల్ల గుర్రం సి3కి వస్తే నిమ్జో, ఎఫ్3కి వస్తే తైమనోవ్ దాడి భయం లేని బెనోనీ. అంటే ఒక్క ఇ6 ఎత్తుతో ఆయన నన్ను ప్రశ్న అడిగాడు, అది ప్రశ్న అని తెలియకుండానే నేను జవాబు చెప్పాను. మీరు ఎఫ్3 వరుసనే పట్టుకోదలచుకుంటే ఈ స్థితికి మందు ఉంది. ఇ4 తరువాత హెచ్3 ఆడి జి4 గడిని నల్ల బిషప్‌కు అందకుండా చేసి, మీ బిషప్‌ను డి3లో నిలిపితే తెలుపు స్థితి దృఢంగా ఉంటుంది. అది ముందే నేర్చుకుని ఉండాలి, బల్ల దగ్గర కనిపెట్టలేము.

ఇప్పుడు మీ భయం సంగతి. జంట బంట్లు అనగానే ఆట పోయినట్టు మనవాళ్ళు అనుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. నిమ్జోలో తెలుపు నాలుగో ఎత్తుగా ఇ3 ఆడితే రెండు దారులున్నాయి, రెండూ జి1 గుర్రం ఇంకా కదలలేదు కాబట్టే ఉన్నాయి. మొదటిది, నలుపు కోట కట్టుకోగానే ఆ గుర్రాన్ని ఇ2కి తేవడం. అప్పుడు నల్ల బిషప్ సి3లో గుర్రాన్ని కొడితే ఇ2 గుర్రమే తిరిగి కొడుతుంది. బంట్లు చెదరవు, రెండు బిషప్‌లూ మీ చేతిలో ఉంటాయి. ఎఫ్1 బిషప్ కొంతసేపు ఇరుకున పడటం దీని ఖరీదు. రెండోది, జంట బంట్లను ధైర్యంగా ఒప్పుకోవడం. దీనికి 1938లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఆవ్రో టోర్నమెంటులో, తరువాత ప్రపంచ విజేత అయిన బోట్విన్నిక్, మాజీ ప్రపంచ విజేత కపబ్లాంకా మీద ఆడిన ఆట కంటే మంచి పాఠం నాకు తెలియదు. బోట్విన్నిక్ ఐదో ఎత్తులో ఎ3 ఆడి సి3లో మార్పిడిని తానే ఆహ్వానించాడు, వెంటనే సి4 బంటును డి5లో మార్చి జంటను విడదీశాడు, బిషప్‌ను డి3కి తెచ్చాక తొమ్మిదో ఎత్తులో గుర్రాన్ని ఇ2కి తెచ్చాడు. ఆ గుర్రం తరువాత జి3కి వెళ్ళింది, ఖాళీగా ఉన్న ఎఫ్3కి బంటు వచ్చింది, ఆ బంటు అండతో ఇ4 సాగింది. కపబ్లాంకా మంత్రి వైపు ఒక బంటును గెలుచుకునే పనిలో ఉండగా మధ్యలో బంట్లు దూసుకుపోయాయి. ముప్పయ్యో ఎత్తులో బిషప్‌ను ఎ3లో బలి ఇవ్వడాన్ని అందరూ చెప్పుకుంటారు. నా విద్యార్థులకు నేను ఆ బలి కంటే ముందు తొమ్మిదో ఎత్తునే చూపిస్తాను. ఆ గుర్రం ఎఫ్3లో ఉండి ఉంటే ఎఫ్3, ఇ4 అనే ప్రణాళికే లేదు.

నల్లపావులు జి6 ఆడే రక్షణల్లో కూడా ఇదే సూత్రం. కింగ్స్ ఇండియన్ మీద ఎఫ్3 బంటుతో ఆడే జేమిష్ పద్ధతికి గుర్రం ఆ గడిని వదిలిపెట్టాలి. గ్రున్‌ఫెల్డ్ మార్పిడి పద్ధతిలో బిషప్ సి4కి, గుర్రం ఇ2కి వెళ్ళడం పాతకాలం నుంచీ ఉన్న వరుస, జి4లో నల్ల బిషప్ కట్టిపడేస్తుందనే అప్పట్లో ఎఫ్3ను తప్పించేవారు.

ఇంతవరకు చదివి గుర్రాన్ని ఎఫ్3కి ఎప్పుడూ తేకూడదని అనుకోవద్దు. నలుపు డి5 ఆడి, రెండో ఎత్తులో సి4 బంటును కొట్టేస్తే, గుర్రం ఎఫ్3 చాలా మంచి ఎత్తు, ఎందుకంటే అది నల్ల ఇ5ను ఆపుతుంది. రెండో ఎత్తులో సి6 ఆడి స్లావ్‌లోకి వస్తే కూడా మూడో ఎత్తులో ఎఫ్3నే నేను ఇష్టపడతాను. ఆ తరువాత నలుపు గుర్రం ఎఫ్6కి వచ్చాక మీరు ఇ3 ఆడితే సి8 బిషప్ హాయిగా ఎఫ్5కి బయటపడుతుంది. సి3లో గుర్రాన్ని పెడితే మాత్రం ఆ బిషప్ తొందరపడి ఎఫ్5కి రాగానే డి5లో మార్చి, మంత్రిని బి3కి తెచ్చి, కాపలా పోయిన బి7 మీద పడవచ్చు.

ఈ సి8 బిషప్ విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. మంత్రి బంటు (డి4) ఆటల్లో నలుపుకు అది శివారు పొలం లాంటిది. పైన ఎన్ని నీళ్ళు పారినా దానికి చేరేది చివరికే, వంతు తప్పితే ఆ పంటకు అసలు చేరవు. ఇ6 తోసినప్పుడు నలుపు ఆ బిషప్ దారి మూస్తుంది, సి6 తోసినప్పుడు తెరిచి ఉంచుతుంది. నలుపు ఎంచుకునే ఎత్తుల వరుసల్లో సగం, ఆ బిషప్‌ను ఎప్పుడు ఎలా బయటపెట్టాలన్న బెంగ నుంచి పుట్టినవే. ఇ6 తరువాత ఎఫ్6 గుర్రానికి బదులు మూడో ఎత్తులోనే బిషప్‌ను ఇ7కి తెచ్చే పద్ధతి అందుకే వచ్చింది. మీ బిషప్ జి5కి రాలేదు, వస్తే ఇ7 బిషప్ దాన్ని కొట్టేస్తుంది. మార్పిడి చేసి బిషప్‌ను ఎఫ్4తో సరిపెట్టుకుంటే, నలుపు సి6 ఆడి, ఎఫ్5కి తన బిషప్‌ను తెచ్చుకుంటుంది. 1963లో బోట్విన్నిక్, పెట్రోస్యాన్‌ల ప్రపంచ పోటీలో ఈ స్థితి మీద తెలుపు జి4 తోసి పోరాడవలసి వచ్చింది.

తెలుపు చేయవలసిన పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. మార్పిడి పద్ధతి ఆడేటప్పుడు మీ మొదటి లక్ష్యం ఆ బిషప్‌ను ఎఫ్5కి రానివ్వకపోవడం. ఎఫ్3 గుర్రంతో దీన్ని ఎలా చేయవచ్చో 2024 నవంబరులో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ పోటీ మూడో ఆటలో, తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ చూపించాడు. అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ డి5 మీద స్థిరపడ్డాక డి5లో మార్చి, గుర్రాన్ని సి3కి తెచ్చి, ఆరో ఎత్తులో మంత్రిని సి2లో పెట్టాడు. ఆ ఎత్తు ఎఫ్5 గడి కోసమే. డింగ్ జి6 ఆడి మళ్ళీ ఎఫ్5కి దారి చేసుకున్నాడు, గుకేశ్ హెచ్3 ఆడాడు, నల్ల బిషప్ ఎఫ్5కి రాగానే మంత్రి బి3కి తప్పుకుంది, నల్ల మంత్రి బి6కి వచ్చింది, తెల్ల బంటు జి4కి వచ్చి ఆ బిషప్‌ను తరిమింది. మంత్రుల మార్పిడి జరిగాక ఆ బిషప్ తెలుపు వైపు లోతుగా సి2 దాకా చొచ్చుకువచ్చి, చివరికి బయటపడే దారి లేక చిక్కుకుపోయింది. గుకేశ్ ఆ ఆట గెలిచాడు.

గుర్రం ఇంకా జి1లో ఉంటే మీకు దొరికే స్థితి వేరు. డి4, గుర్రం ఎఫ్6, సి4, ఇ6, గుర్రం సి3, డి5, మార్పిడి, బిషప్ జి5, తరువాత ఇ3, బిషప్ డి3, మంత్రి సి2, ఆపైన గుర్రం ఇ2. 1952లో బోట్విన్నిక్ ఈ వరుసతోనే కేరెస్ మీద గెలిచాడు. ఇక్కడ డి3 బిషప్పే ఎఫ్5ను చూసుకుంటుంది, ఎఫ్3కి బంటు వస్తుంది, ఇ4 మెల్లగా తయారవుతుంది. ఎఫ్3 గుర్రంతో ఆడేవారు ఎక్కువగా మంత్రి వైపు బి4, బి5 అంటూ తక్కువ బంట్లతో దాడి చేస్తారు. ఇ2 గుర్రంతో ఆడేవారికి ఆ దాడీ ఉంది, మధ్యలో దాడీ ఉంది. ఎదుటివాడు రెంటికీ సిద్ధపడాలి. ఈ కారణంగా నా సలహా ఏమిటంటే, వచ్చే రెండేళ్ళు మీరు సి4 తరువాత ఇ6 ఎదురైనప్పుడల్లా గుర్రాన్ని సి3కే తీసుకురండి. నిమ్జో వస్తే ఇ3తో ఆడండి. స్లావ్ వచ్చినప్పుడు, సి4 బంటును కొట్టినప్పుడు మాత్రం ఎఫ్3. ఇంతకంటే పెద్ద జాబితా మొదటి ఏడాది అక్కర్లేదు.

ఇక మీరు పంపిన ఆట. డి4, డి5, సి4, ఇ6, గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6, గుర్రం సి3, బిషప్ ఇ7, డి5లో మార్పిడి, బిషప్ జి5, సి6, ఇ3. ఇక్కడ ఎదుటివాడు బిషప్‌ను ఎఫ్5కి తెచ్చాడు. మీరు మీ బిషప్‌ను డి3కి తెచ్చి మార్చేశారు. ఆ క్షణానికి నలుపు కష్టాలన్నీ తీరిపోయాయి, శివారు పొలానికి ఏడో ఎత్తుకే నీళ్ళు అందాయి. తరువాతి ముప్పై ఎత్తుల్లో మీరు ఎక్కడా తప్పు చేయలేదు, గెలవడానికి స్థితిలో ఏమీ మిగలలేదు, అంతే. ఇ3కి బదులు మంత్రిని సి2కి తెచ్చి ఉంటే గుకేశ్ దారిలో పడేవారు.

ఇప్పుడు అదే ఆటను మూడో ఎత్తులో గుర్రం సి3తో బల్ల మీద పేర్చి చూడండి. నల్ల గుర్రం ఎఫ్6, డి5లో మార్పిడి, బిషప్ జి5, సి6, ఇ3, మళ్ళీ అదే ఉత్సాహంతో నల్ల బిషప్ ఎఫ్5. ఈసారి జి1 గుర్రం కదలలేదు, ఎఫ్3 ఖాళీగా ఉంది. ఏడో ఎత్తుగా మంత్రిని అక్కడికి తీసుకురండి. మంత్రి చూపు ఎఫ్5 బిషప్ మీద పడింది, జి5లోని మీ బిషప్ ఎఫ్6 గుర్రాన్ని కట్టి ఉంచింది. నల్ల బిషప్ జి6కి తగ్గగానే ఎఫ్6లో గుర్రాన్ని కొట్టండి. నల్ల మంత్రి తిరిగి కొడితే ఆ మంత్రిని మీ మంత్రితో మార్చుకోండి, నలుపు జి బంటుతో కొట్టక తప్పదు. బల్ల మీద ఇప్పుడు మంత్రులు లేవు, మీ బంట్లన్నీ చక్కగా ఉన్నాయి, ఎఫ్ వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలిచిన జంట బంట్లు ఎదుటివాడివి.